ప్లగ్గు చరిత్ర: ఫ్యూజు గోడలోనా, ప్లగ్గులోనా?

ఇల్లు కట్టునపుడు కరెంటు పనివాడు వచ్చి, గోడలమీద సుద్దతో గుర్తులు పెట్టుచు యజమానిని ఒక ప్రశ్న అడుగును: "ప్లగ్గు పాయింట్లు ఎక్కడెక్కడ పెట్టమంటారు? చిన్నవెన్ని, పెద్దవెన్ని?" యజమాని అప్పటికి తోచినది చెప్పును. ఐదారేండ్లు గడచుసరికి ఇంటిలోని సామాను స్థానములు మారిపోవును. చిన్న సాకెట్టు బీరువా వెనుక దాగిపోవును. పెద్ద సాకెట్టు కావలసినచోట చిన్నది ఉండును. సామాను కదలును గాని, గోడలోని సాకెట్టు కదలదు.

ఈ చిక్కు నేటిది కాదు. విద్యుచ్ఛక్తి ఇండ్లలో ప్రవేశించిన కొలది కాలమునకే ఇది మొదలైనది. ఏ వస్తువునైనను ఏ గోడదగ్గరనైనను వాడుకొనుటకు వీలైన ఏర్పాటు ఎట్లు చేయవలెనను ప్రశ్నకు ఒక్కొక్క దేశము ఒక్కొక్క విధముగా సమాధానము చెప్పినది. వానిలో మిక్కిలి సాహసముతో కూడినది, రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండగా బ్రిటనులో ఇంజనీర్లు ఆలోచించినది. వారు సాకెట్టు ఆకారముతో ఆగక, ఫ్యూజు ఎక్కడ ఉండవలెనో అదికూడ మరల ఆలోచించినారు.

1882వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కు నగరములోని పెర్ల్ వీధిలో ఎడిసన్ విద్యుత్కేంద్రము పనిచేయ నారంభించినది. ఆనాడు ఇంటిలో విద్యుచ్ఛక్తి చేయవలసిన పని యొక్కటే: దీపము వెలిగించుట. కనుక తీగె పైకప్పుకు పోయి బల్బు హోల్డరుతో ముగిసెడిది. గోడకు సాకెట్టు ఎందుకు? తరువాత ఇస్త్రీపెట్టె, పంకా, రొట్టెలు కాల్చు పరికరము వచ్చినవి. వానికి విద్యుత్తు కావలెనన్న ఉన్న దారి బల్బు హోల్డరే. బల్బును తీసివేసి, ఆ స్థానమున ఇస్త్రీపెట్టె తీగెను తగిలించెడివారు. ఇస్త్రీ చేయునంతసేపు దీపము లేదు. దీపము కావలెనన్న ఇస్త్రీ లేదు.

అమెరికాలో హోల్డరు మరవలె తిప్పి బిగించునది. ఇస్త్రీపెట్టె తీగెను దానికి బిగించునపుడు తీగె కూడ మెలికలు తిరిగెడిది. కనెక్టికట్ రాష్ట్రములోని బ్రిడ్జిపోర్టు నగరమునకు చెందిన హార్వే హబ్బెల్ అను తయారీదారు దీనికి సులువైన ఉపాయము కనిపెట్టి, 1904లో పేటెంటు పొందినాడు. అతని సాధనము రెండు ముక్కలుగా ఉండెడిది. ఒక ముక్క హోల్డరులో బిగిసి అక్కడనే ఉండిపోవును. రెండవది తీగె చివర ఉండి, మొదటి దానిలోనికి గుచ్చుటకును, వెలికి లాగుటకును వీలైనది. ఇంటిలో ఒక్క తీగె కూడ మార్చనక్కరలేదు. విద్యుత్ పరికరమును గోడనుండి విడదీయరాని వస్తువుగాగాక, చేతితో తీసుకొనిపోవు వస్తువుగా చేసినది ఇటువంటి చిన్న ఉపాయములే.

బ్రిటనులో పరిస్థితి మరింత తికమకగా నుండెడిది. అక్కడ అనేక ప్రాంతములలో దీపములకు ఒక రేటు, వంట, వేడిమి సాధనములకు మరియొక రేటు ఉండెడివి. కనుక ఒకే ఇంటిలో రెండు వేరు తీగెల వ్యవస్థలు, రెండు రకముల సాకెట్లు. 1934లో వెలువడిన బ్రిటిష్ ప్రమాణము 546 గుండ్రని పిన్నులు గల ప్లగ్గులను 2, 5, 15, 30 ఆంపియర్ల పరిమాణములలో నిర్దేశించినది. ఒకదానికి మరియొకటి సరిపోదు. అది పొరపాటుగా జరిగినది కాదు, బుద్ధిపూర్వకముగా చేసినదే. 5 ఆంపియర్ల తీగెకు 15 ఆంపియర్ల పరికరము తగిలింపరాదు గనుక, రంధ్రముల కొలతలే కావలివాని పని చేయవలెనని వారి ఉద్దేశము. ఈ ప్రమాణమునకు ముందటి రెండు పిన్నుల ప్లగ్గులు కూడ ఇండ్లలో మిగిలియే ఉన్నవి. ఇల్లు మారిన కుటుంబము మొదట చేయు పని తమ పరికరముల ప్లగ్గులన్నియు మార్చుకొనుట!

ఆలోచించి చూచిన, ఈ పద్ధతిలోని అసలు లోపము కొలతల సంఖ్య కాదు. ఏ గోడదగ్గర ఎంత విద్యుత్తు కావలసివచ్చునో ఇల్లు కట్టిననాడే తేల్చివేయుట అసలు లోపము. ఇల్లు కట్టినవాడొకడు, కాపురముండువాడు మరొకడు. వాని అవసరములు వీనికెట్లు తెలియును?

1939 నాటికి బ్రిటనులో ఇంచుమించు మూడింట రెండువంతుల ఇండ్లకు విద్యుచ్ఛక్తి చేరినది. యుద్ధములో బాంబుల వలన లక్షలాది ఇండ్లు దెబ్బతిన్నవి. యుద్ధము ముగియగానే పెద్దయెత్తున ఇండ్లు కట్టవలసి యుండునని ప్రభుత్వము ముందుగానే గ్రహించి, గృహనిర్మాణపు ప్రతి అంగమును గూర్చి సంఘములను నియమించినది. వానిలో ఒకటి విద్యుత్ అమరికల సంఘము. 1942లో ఏర్పడిన ఈ సంఘమునకు ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ ఆధ్వర్యము వహించినది. ఇరువదిమంది సభ్యులలో ఒకేయొక స్త్రీ కారొలిన్ హాస్లెట్. ఆమె 1919 నుండి మహిళా ఇంజనీర్ల సంఘమునకు కార్యదర్శిగా పనిచేసి, 1924లో స్థాపితమైన మహిళా విద్యుత్ సంఘమునకు డైరెక్టరైనది. విద్యుచ్ఛక్తి గృహిణుల చాకిరిని తగ్గింపగలదని ఊరూర ప్రచారము చేసిన వ్యక్తి. వంటగదిలో, పిల్లలు పాకు నేలమీద, ప్లగ్గు ఎట్లు వాడబడునో ఆమెకు బాగుగా తెలియును.

1944లో ఈ సంఘము ఇచ్చిన నివేదికలోని ముఖ్యమైన సూచన వలయ పద్ధతి. అంతవరకు ప్రతి పెద్ద సాకెట్టునకు ఫ్యూజు బోర్డునుండి ప్రత్యేకముగా ఒక తీగె లాగెడివారు. చెట్టుకొమ్మలవలె ఎన్ని సాకెట్లో అన్ని తీగెలు, అన్ని ఫ్యూజులు. దానికి బదులు ఒకే తీగె బోర్డునుండి బయలుదేరి, గదులన్నియు చుట్టి, మరల అదే బోర్డుకు వచ్చి చేరవలెను. దారిలో ఎన్ని సాకెట్లనైనను దానికి తగిలింపవచ్చును. వలయమంతటికిని బోర్డులో 30 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటే. సుమారు 1000 చదరపు అడుగుల వైశాల్యమునకు ఇట్టి వలయము ఒకటి చాలును.

ఎన్ని సాకెట్లనైనను అనునది వినుటకు అపాయకరముగా తోచును. కాని వీధికొళాయి సంగతి తలచుకొనుడు. వీధిలో ముప్పది యిండ్లున్నను అందరును ఒకే నిమిషమున బిందెలు పట్టరు. సాకెట్లు ఎక్కువైనంత మాత్రమున వాడకము ఎక్కువ కాదు. ఉన్న ఒక్క హీటరును ఈ గదిలోనో ఆ గదిలోనో వాడుదురు, అంతే. సాకెట్ల సంఖ్యను, విద్యుత్తు వాడకమును వేరు చేసి చూచుటలోనే ఆ సంఘముయొక్క తెలివి కనిపించును. యుద్ధకాలమున రాగి దొరకుట కష్టముగా నుండెను. అట్టి సమయమున తీగె ఆదా చేయు పద్ధతి అందరకును నచ్చుట సహజము.

వలయములో ప్రవాహము ఎట్లు పంచుకొనబడునో ఉపాధ్యాయులు తరగతిలో లెక్కగా ఇయ్యవచ్చును. వలయము పొడవు 40 మీటర్లు అనుకొందము. బోర్డునుండి ఒకవైపున 10 మీటర్ల దూరములో, అనగా రెండవవైపునుండి 30 మీటర్ల దూరములో, 12 ఆంపియర్లు తీసికొను హీటరు ఉన్నది. తీగె నిరోధము పొడవునకు అనులోమానుపాతములో ఉండును. రెండు దారులు సమాంతరముగా ఉన్నవి గనుక ప్రవాహము నిరోధమునకు విలోమముగా పంచుకొనబడును. దగ్గర దారిలో 9 ఆంపియర్లు, దూరపు దారిలో 3 ఆంపియర్లు. హీటరు సరిగా నడుమ నున్న రెండువైపుల ఆరేసి ఆంపియర్లు. ఒక్కొక్క దారి 20 ఆంపియర్లు మోయగల తీగెయైనను, రెండును కలిసి 30 ఆంపియర్లు సులభముగా అందింపగలవు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చినది. వలయమునకు 30 ఆంపియర్ల ఫ్యూజు ఉన్నది. ఒక బల్లదీపమునకు సన్నని తీగె. అది మూడు ఆంపియర్లకు మాత్రమే తగినది. ఆ తీగెలో లోపము కలిగి 20 ఆంపియర్లు ప్రవహించినదనుకొందము. బోర్డులోని ఫ్యూజు దృష్టిలో ఇది సాధారణ ప్రవాహమే, అది కరగదు. ఈలోగా దీపపు తీగె కాలి మంటలు లేచును. ఫ్యూజు కాపాడునది తనకు వెనుకనున్న తీగెలలో అన్నిటికన్న సన్ననిదాని శక్తికి మించియుండరాదు. ఇది విద్యుత్ శాస్త్రములో మొదటి పాఠము. వలయ పద్ధతి ఆ పాఠమునకు విరుద్ధముగా కనిపించినది.

దానికి వారు చెప్పిన సమాధానమే ప్లగ్గులోని ఫ్యూజు. సన్నని తీగె ఎక్కడ మొదలగునో అక్కడనే, అనగా ప్లగ్గులోనే, దానికి తగిన ఫ్యూజు పెట్టవలెను. ఒక అంగుళము పొడవుగల చిన్న గొట్టము. దీపమునకు 3 ఆంపియర్లది, హీటరుకు 13 ఆంపియర్లది. దీనితో గోడకు పరికరములను గూర్చిన పట్టింపు పోయినది. సాకెట్లన్నియు ఒకే కొలతవి. ఏ పరికరము ఎంత తీసికొనునో ఆ లెక్క పరికరముతోపాటే ప్రయాణము చేయును. 13 అను సంఖ్య కూడ ఊరక వచ్చినది కాదు. పెద్ద గదిని వేడిచేయు హీటరు 3 కిలోవాట్లది. 230 వోల్టులవద్ద 3000 వాట్లకు కావలసిన ప్రవాహము 3000ను 230చే భాగించిన 13 ఆంపియర్లు వచ్చును.

1947 జూనులో ఇది బ్రిటిష్ ప్రమాణము 1363గా వెలువడినది. పిన్నులు మూడును చదునైనవి, దీర్ఘచతురస్రాకారము గలవి. అందుచేత ఫ్యూజులేని పాత గుండ్రని పిన్నుల ప్లగ్గు దీనిలో దూరదు. ఫేజు, న్యూట్రల్ రంధ్రములకు లోపల చిన్న తలుపులుండును. ఎర్తు పిన్ను తక్కిన రెండింటికన్న పొడవు గనుక ముందుగా అదియే లోనికి పోయి ఆ తలుపులను తెరచును. పసిపిల్లవాడు మేకో పిన్నీసో తీసికొని రంధ్రములో గుచ్చినను తలుపు తెరచుకొనదు. చిన్నపిల్లల రక్షణకు సాకెట్టులో ఇట్టి ఏర్పాటు ఉండితీరవలెనని సంఘము గట్టిగా చెప్పినది. ఇందులో హాస్లెట్ ప్రభావము గొప్పదని విద్యుత్ చరిత్రకారులు తలచుదురు; ఆమె పూర్వపు కృషి చూచిన వారికి అది సబబుగానే తోచును.

క్రొత్త ప్రమాణము వచ్చినంతమాత్రమున అందరును దానిని అనుసరింపలేదు. డార్మన్ అండ్ స్మిత్ అను కంపెనీ 13 ఆంపియర్లకే మరియొక ప్లగ్గును అమ్మినది. దానిలో ఫ్యూజే ఒక పిన్నుగా పనిచేయును. ఎంత చక్కని ఊహ! కాని ఆ ఫ్యూజు పిన్ను మరవలె బిగించునది. వాడగా వాడగా వదులై, ప్లగ్గు లాగినపుడు సాకెట్టులోనే ఉండిపోయెడిది. యుద్ధానంతరము కట్టిన ప్రభుత్వపు ఇండ్లలో ఈ సాకెట్లు కొన్నాళ్లు కనిపించినవి. ఆ ఇండ్లలోనివారు ఆ కంపెనీ ప్లగ్గులు, ఆ కంపెనీ ఫ్యూజులే కొనవలసివచ్చెను. కాలక్రమమున ఆ రకము కనుమరుగైనది.

వలయ పద్ధతికి లోపములు లేకపోలేదు. వలయములో ఒకచోట తీగె తెగినచో ఏమగును? ఏమియు కానట్లే ఉండును. సాకెట్లన్నియు రెండవదారినుండి పనిచేయుచునే ఉండును. కాని 20 ఆంపియర్ల తీగెమీదనే 30 ఆంపియర్ల వరకు భారము పడును, బోర్డులోని ఫ్యూజు ఊరకుండును. లోపము కంటికి కనబడక దాగియుండుట విద్యుత్ పనిలో అన్నిటికన్న చెడ్డ లక్షణము. ప్లగ్గులో ఫ్యూజు ఉన్నను, దీపమునకు కూడ 13 ఆంపియర్ల ఫ్యూజే పెట్టు సోమరితనము అక్కడనూ కలదు. యూరపుఖండములోని తక్కిన దేశములు చాలవరకు ఈ బాట పట్టలేదు. జర్మనీలో ఆల్బర్ట్ బ్యూట్నర్ 1926లో పేటెంటు కోరిన షూకో ప్లగ్గు నేటికిని వాడుకలో ఉన్నది. దానిలో ఫ్యూజు ఉండదు. బోర్డునుండి కొమ్మలవలె పోవు ఒక్కొక్క తీగెకు 16 ఆంపియర్ల రక్షణ ఉండును; వలయము లేదు గనుక ప్లగ్గులో ఫ్యూజు అవసరము అంతగా కలుగలేదు. నా దృష్టిలో రెండును సమంజసమైన మార్గములే. రెండింటిలోను సాకెట్టు మాత్రము ఇంటినిండ ఒకే కొలతది.

ఇక మన సంగతి. బ్రిటను తన పాత గుండ్రని పిన్నులను విడిచిపెట్టుటకు నిర్ణయించిన రెండు నెలలకే మనకు స్వాతంత్ర్యము వచ్చినది. అప్పటికే మన పట్టణములలో పాత పద్ధతి సాకెట్లు ఉన్నవి. మనము 1934 నాటి ఆ వంశమునే కొనసాగించితిమి. భారతీయ ప్రమాణము 1293లోని మూడు పిన్నుల ప్లగ్గు దాని సంతతియే. 5, 15 ఆంపియర్లు తరువాత 6, 16 ఆంపియర్లైనవి. సింగపూరు, మలేషియా, దుబాయి మాత్రము చదును పిన్నులవైపు పోయినవి. గల్ఫు దేశములలో పనిచేసి వచ్చిన మనవారు తెచ్చిన మిక్సీ ఇక్కడి గోడకు సరిపడకపోవుటకు కారణము ఇదియే. విచిత్రమేమనగా, బ్రిటనులోని నాటకశాలలలో రంగస్థల దీపములకు మన 15 ఆంపియర్ల గుండ్రని ప్లగ్గునే వాడుచు వచ్చినారు. నాటకము నడుచుచుండగా, ఎత్తున వ్రేలాడు దీపపు ప్లగ్గులో ఫ్యూజు పోయిన ఎవరు ఎక్కి మార్చగలరు? అక్కడ ఫ్యూజులేని ప్లగ్గే మేలు.

మన ప్లగ్గునుగూర్చి తరగతులలో తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: ఎర్తు పిన్ను పొడవుగా, లావుగా ఎందుకుండును? పొడవు ఎందుకనగా, అది అన్నిటికన్న ముందు కలిసి, అన్నిటికన్న చివర విడిపోవుటకు. లావు ఎందుకనగా, అది పొరపాటున ఫేజు రంధ్రములో దూరకుండుటకు. నిరోధము తగ్గించుటకే లావు చేసినారని కొందరు విద్యార్థులు వ్రాయుదురు. ఆ కొద్దిపాటి పొడవులో తగ్గు నిరోధము లెక్కకు రాదు.

రెండు కొలతల పద్ధతిలో రంధ్రమే కావలివాడని పైన చెప్పితిమి. మన యిండ్లలో ఆ కావలివానిని ఏమార్చుట నిత్యకృత్యము. పెద్ద ప్లగ్గును చిన్న సాకెట్టుకు కలుపు కన్వర్టరు ఏ కొట్టులోనైనను దొరకును. 2000 వాట్ల గీజరు 8.7 ఆంపియర్లు తీసికొనును. దానిని 6 ఆంపియర్ల సాకెట్టుకు తగిలించిన, పుట్టు వేడిమి ప్రవాహపు వర్గమునకు అనుపాతము గనుక, అది ఉండదగినదానికి రెట్టింపు దాటును. అదే సాకెట్టుకు మల్టీప్లగ్గుతో 1000 వాట్ల ఇస్త్రీపెట్టె కూడ కలిపిన మొత్తము 13 ఆంపియర్లు. వేడిమి నాలుగున్నర రెట్లకు పైమాట. ఆ వేడిమికి మొదట లొంగునది సాకెట్టులోని ఇత్తడి పట్టు. అది వేడికి బిగువు తప్పును. వదులైన చోట నిరోధము పెరుగును. నిరోధము పెరిగినకొలది వేడి మరింత పెరుగును. గోడమీది సాకెట్టు గోధుమరంగు తిరిగినదన్న లోపల ఈ చక్రము చాలనాళ్లుగా తిరుగుచున్నదని గుర్తు. బోర్డులో సరియైన బ్రేకరు ఉన్నచో అది ముందే విడిపోవును. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని లావు తీగె చుట్టిన ఇంటిలో ఆ రక్షణయు లేదు. ప్లగ్గులోనా, ఫ్యూజు లేదు. గోడలోనా, ఉన్న ఫ్యూజును మనమే చంపితిమి.

ప్రపంచమంతటికిని ఒకే ప్లగ్గు ఉండవలెనను ప్రయత్నము కూడ జరిగినది. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము 1986లో అట్టి నమూనాను ప్రకటించినది. బ్రెజిల్ కొద్ది మార్పులతోను, దక్షిణాఫ్రికాయు దానిని స్వీకరించినవి. తక్కిన దేశములు, గోడలలో అప్పటికే ఉన్న కోట్లకొలది సాకెట్లను తలచుకొని ఊరకున్నవి.

గోడను మార్చక సాకెట్టును మార్చు పద్ధతి వేరొక దారిన వచ్చినది. పూర్వము మన యిండ్లలో కొయ్యపెట్టెకు నల్లని పలక బిగించి, దానికి రంపముతో రంధ్రములు కోసి స్విచ్చులు అమర్చెడివారు. హైదరాబాదు తయారీ పేరుమీదుగా ఆ పలకను మనవారు హైలం షీటు అనుటకు అలవాటుపడినారు. స్విచ్చును సాకెట్టుగా మార్చవలెనన్న పలకయే మార్చవలెను. ఇప్పటి మాడ్యులర్ పద్ధతిలో గోడలో ఒక లోహపు పెట్టె, దానిమీద ఒక చట్రము ఉండును. స్థలమును సమానమైన గళ్లుగా విభజించినారు. స్విచ్చునకు ఒక గడి, 6 ఆంపియర్ల సాకెట్టుకు సాధారణముగా రెండు గళ్లు. రెండు స్విచ్చులు ఊడదీసి ఆ చోట ఒక సాకెట్టు నొక్కవచ్చును. సెల్‌ఫోనులు వచ్చిన తరువాత, యూఎస్‌బీ ముక్కను కూడ అట్లే పెట్టుచున్నారు. 6, 16 ఆంపియర్ల ప్లగ్గులు రెండింటికిని పనికివచ్చు సాకెట్టును కూడ చేసినారు. దాని వెనుక తీగె పెద్దదిగా ఉండవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే గడి కొలత ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క రీతిగా నున్నది. ఒక కంపెనీ స్విచ్చు పగిలిన, ఆ చట్రములో మరియొక కంపెనీ స్విచ్చు సాధారణముగా ఇమడదు. ఆ కంపెనీ ఆ నమూనాను మానివేసినచో, పగిలిన ఒక్క స్విచ్చు కొరకు ఆరు గళ్ల చట్రమంతయు, దానిలోని మంచి స్విచ్చులతో సహా, మార్చవలసివచ్చును.